సంస్థాభివృద్ధియు సంస్థాపకులును

నారు నారుమడిలోనే పండవలెనని కోరు రైతు లోకమున లేడు. పెరికి, విశాలమైన పొలమున నాటినగాని పైరు కాదని వాడెఱుగును. సంస్థల విషయమున మాత్రము ఈ యెఱుక మనకు తఱచు లోపించుచున్నది. తాము నలుగురు కూడి స్థాపించిన సంఘమునకు నలుబదివేలమంది వచ్చి చేరినప్పుడు, "మా కాలమున నిట్లు లేదు" అని పెద్దలు ముఖము చిట్లింతురు. వారిని దూషించుట మా యుద్దేశము కాదు. సంస్థ యెట్లు మారును, ఎవరివలన మారును అని విచారించుటకు నిజాము రాష్ట్రమునందలి ఆంధ్రోద్యమముకన్న స్పష్టమైన తార్కాణము మన దేశమున దొరకదు.

1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతను సంఘసంస్కార సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడ లేచినంతనే కొందఱు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్ర జన సంఘము పుట్టినది. ఆ రాత్రి సమావేశమైనవారు పండ్రెండుగురైనను లేరు. న్యాయవాదులు, విద్యావంతులు, వర్తకులు, భూవసతిగలవారు ఆ సంఘమునకు ఆధారస్తంభములైరి. వారు కోరినది తమ భాషకు గౌరవము. ఆ కోరిక చిన్నది కాదు. గ్రంథాలయములు, పాఠశాలలు వెలసినవి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాలను నెలకొల్పిరి. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరుగగా, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగెను. పిమ్మట దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాద్‌నగరు, నిజామాబాదు. సభ యూరూర తిరిగినది.

ఇందు వెట్టిచాకిరి కథ ప్రత్యేకముగ చెప్పదగినది. ఉద్యోగి గ్రామమునకు వచ్చినచో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కూలి లేకయే సేవచేయవలెను. అతని మూటలు మోయవలెను, బండి ముందు పరుగెత్తవలెను. కోమటి తన దుకాణమందలి సరకును అతడు చెప్పిన ధరకే యీయవలెను. సంఘము తొలినాళ్లనుండియు దీనిని ఖండించినది; కరపత్రములు అచ్చొత్తించి పంచినది. ఐనను మూటలు మోయువాడు ఆ కరపత్రమును చదువలేడు. చదువగల కోమటి మొఱ ముందుగ వినబడినది. చదువురాని మాదిగ మొఱ చిరకాలము తీర్మానములయందే నిలిచినది. ఉద్యోగి చేయించుకొను వెట్టి యొకటి, దేశముఖు చేయించుకొను వెట్టి యొకటి. మొదటిదానిని నిందించుటకు సభ్యులందఱకును నోరు వచ్చినది. రెండవది వచ్చునప్పటికి కొందఱికి గొంతులో వెలగకాయ పడినది. తమ యిండ్లలోని సంగతి యది.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. ఆయనయు భూవసతిగల కుటుంబమున పుట్టినవారే యని మఱువరాదు. అప్పటినుండి సభలోనికి వచ్చువారు మారిరి; కౌలుదారుల బేదఖలు, ధాన్యపు లేవీ, దేశముఖుల వెట్టి సభావేదిక నెక్కినవి. 1944లో భువనగిరి సభకు నారాయణరెడ్డిగారే మరల అధ్యక్షులు కాగా, మితవాదులును జాతీయవాదులును వేఱుపడిరి. సభ్యత్వపు రుసుమును తగ్గించి పేదలకు ద్వారము తెఱచిరి. పల్లెలలో "సంఘము" అన్న నొక్కమాట చాలెను. ఏ సంఘమని యెవ్వరును అడుగరైరి.

కమ్యూనిస్టులు మహాసభను తమ పక్షమునకు పనిముట్టుగా చేసికొనిరని వేఱుపడినవారి అభియోగము. అది నిరాధారమని మేమనము. కాని ఇరువది మూడేండ్ల కాలమున ఆ కౌలుదారుని, ఆ చాకలిని సభాప్రాంగణములోనికి పిలిచి పీట వేయుటకు ఎవ్వరు అడ్డుపడిరి? వేయని పీటను మఱియొకరు వేసిరని వగచిన నేమి లాభము? 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియైన పిమ్మట వ్యవహారము తీర్మానముల హద్దు దాటినది. ఆ సాయుధపోరాటము 1951 వఱకు సాగెను. ఎందఱి ప్రాణములో పోయెను. భూస్వామి సౌధములకు నిప్పంటుకొనిన పిదప మాత్రమే 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టము వచ్చినవి. దేవరకొండ సభకు 1931లో అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావుగారే 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులై ఆ చట్టమును నడపవలసివచ్చెను. ఇరువది యేండ్లకు ముందు తమ సభలో తామే చర్చించి నిర్ణయింపదగిన విషయములు కావా యివి?

ఇది పాతకథ యని పాఠకులు పత్రికను మడువబోకుడు. నేటి మన సహకార సంఘములను చూడుడు. సభ్యుల పట్టికయందు పట్టాదారు పేరున్నది. పొలమున నాగలి పట్టువాని పేరు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పంటఋణము, బీమా, నష్టపరిహారము అందవలెనను సంకల్పముతో చేయబడినది. ఆ పత్రము చేతికి రావలెనన్న భూయజమాని అంగీకారము వ్రాతపూర్వకముగ నుండవలెనని అందే నిబంధించిరి. యజమాని సంతకము చేయడు. చేసినచో భూమి చేయిజాఱునని భయము. ఆ పత్రము పదునొకండు నెలలకే పరిమితమనియు, యాజమాన్యపు హక్కు నేమియు తాకదనియు చట్టమే చెప్పుచున్నది. ఐనను భయము పోదు. తుపాను వచ్చినప్పుడు పోయినది కౌలుదారు పైరు. పరిహారము చేరినది పట్టాదారు ఖాతాకు.

ఈ సంతకమునకు వెనుదీయువారిలో మా పాఠకులును కొందఱుందురని మేమెఱుగుదుము. ఖరీఫు నాట్లకు ముందే తమ కౌలుదారుని పిలిచి, కాగితమడిగి, సంతకము చేసి పంపుడని వారిని కోరుచున్నాము. సహకార సంఘముల అధ్యక్షులు రాబోవు మహాజనసభకు ఆ పత్రముగల కౌలుదారులను ఆహ్వానించి, వారిని సభ్యులుగ చేర్చుకొను విషయమును కార్యక్రమమున మొట్టమొదటి అంశముగ పెట్టవలెను.