మంట ఆరినా మసి మిగులును

మన చిల్లకల్లులో గడ్డివాము అంటుకుంటే ఫైరింజను కోసం ఎదురుచూస్తాము. మంట ఆరగానే, ఆర్పినవారిని మరచిపోతాము. కాని వారి అపాయం అంతటితో తీరదు. ఈ రోజుల్లో ఇల్లు కాలితే ప్లాస్టిక్కు, ఫోము పరుపులు, కరెంటు వైర్లు కూడా కాలుతాయి. ఆ పొగలో బెంజీను వంటి విషాలుంటాయి. అవి చర్మం గుండా కూడా లోనికి పోతాయి. అగ్నిమాపక వృత్తి క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం 2022లో తేల్చింది.

మీ ఇంట ఆ ఉద్యోగి ఉన్నారా? మసి బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. పని ముగియగానే ముఖం, మెడ, చేతులు సబ్బుతో కడుక్కోమనండి. మూత్రంలో రక్తం కనబడితే, నొప్పి లేకున్నా డాక్టరుకు చూపించండి. మన కోసం పొగలోకి వెళ్లేవారికి మంచి మాస్కు, మార్చుకునే యూనిఫారం ఇమ్మని అడగడం మనందరి బాధ్యత.