ఖరీదైన కారు, చౌక జరిమానా

రాయ్‌పూర్ జాబు – బాటసారి

2025 జూలైలో బిలాస్‌పూర్ దగ్గర జాతీయ రహదారి మీద కొందరు కుర్రాళ్ళు తమ ఖరీదైన కార్లను దారికడ్డంగా నిలిపి రీల్స్ తీసుకున్నారు. వెనకాల బళ్ళన్నీ ఆగిపోయాయి. వీడియో బయటికొచ్చాక పోలీసులు మొదట వేసిన జరిమానా రెండు వేల రూపాయలు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఆ వార్తను తనంతట తాను విచారణకు తీసుకుని, ఇంత చిన్న చలానాతో ఎలా సరిపెట్టారని ప్రభుత్వాన్ని నిలదీసింది. ఆ తర్వాత క్రిమినల్ కేసు పెట్టారు, కార్లు స్వాధీనం చేసుకున్నారు.

ఆ రెండు వేల గురించే నేను రాయాలనుకుంటున్నాను. అలాంటి కారు నాకూ ఉంది. సిల్తరా, ఉర్లా మిల్లులకు బేరింగులు సరఫరా చేసి, బాకీల కోసం తిరిగి తిరిగి కూడబెట్టిన డబ్బుతో కొన్న జర్మన్ కారు. ట్యాంకు నింపితే ఆరు వేలు దాటుతుంది. ఊళ్ళో లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. రెండు వేల జరిమానా అంటే నాకు మూడోవంతు ట్యాంకు. అది కట్టినందువల్ల మా ఇంట్లో ఏ ఖర్చూ తగ్గదు, ఏ పనీ ఆగదు. ఇదే రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2025–26కి రోజుకు 261 రూపాయలు. హెల్మెట్ పెట్టుకోని మోపెడ్ మనిషికి కేంద్ర చట్టం రాసిపెట్టిన జరిమానా వెయ్యి. అంటే దాదాపు నాలుగు రోజుల కూలి. అతను తప్పు చేస్తే పగిలేది తన తలే. నేను తప్పు చేస్తే పగిలేది అతని తల. అతనికి నాలుగు రోజుల కూలి పోవాలి, నాకు మూడోవంతు ట్యాంకు పెట్రోలు పోతే చాలు అంటున్న ఈ లెక్క నాకు మింగుడుపడడం లేదు.

కారు వచ్చాక ఊరు నన్ను చూసే తీరు మారింది. పాత మారుతిలో వెళ్ళినప్పుడు హోటలు గేటు దగ్గర పేరు, పని అడిగేవాళ్ళు. ఇప్పుడు దూరం నుంచే గేటు తెరుచుకుంటుంది, పైగా సెల్యూట్. తెలిబాంధా చెరువు దగ్గర మెరైన్ డ్రైవ్‌లో సాయంత్రం నిలిపితే పిల్లలు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అది నాకు సంతోషమే, అద్దం దించి లోపల కూర్చోమంటాను. నాకు నచ్చనిది పోలీసు తనిఖీ. బారికేడ్ పక్కకు జరిపి మమ్మల్ని పొమ్మంటారు, మా వెనకే వస్తున్న మోపెడ్ మీది ఆలుమగల్ని ఆపి కాగితాలడుగుతారు. నా డ్రైవరు తాగి ఉన్నాడో లేదో ఎవరూ వాసన చూడరు.

జీఈ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆటోలు, స్కూటర్లు నా బండికి చుట్టూ జానెడు ఎక్కువ చోటు వదులుతాయి. అది మర్యాద అని మొదట్లో అనుకునేవాణ్ణి. ఒకరోజు పక్కనే ఉన్న ఆటో అతను తన బండిలో కూర్చున్న కొడుకుతో, చెయ్యి బయట పెట్టకు, గీత పడితే మన ఆటో అమ్మినా చాలదు అన్నాడు. అతని లెక్క తప్పు కాదు. ఈ కార్ల ముందు దీపం ఒకటి మార్చాలంటే లక్షల్లో ఉంటుంది. అద్దం పగిలితే అద్దంతో పోదు, దాని వెనకున్న కెమెరాను మళ్ళీ సరిచేయించాలి. ఆ భయంతోనే దారి ఇస్తున్నారు. గుద్ది పారిపోయిన వాహనం వల్ల మనిషి చనిపోతే, 2022 నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద అతని ఇంటికి వచ్చేది రెండు లక్షలు. నా కారు రెండు దీపాల ధర అంతకంటే ఎక్కువ. ఈ రెండు అంకెలూ ఒకే దేశంలో, ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

సిల్తరా వైపు వెళ్ళొచ్చిన మర్నాడు బానెట్ మీద నల్లటి పొడి పేరుకుని ఉంటుంది. స్పాంజ్ ఐరన్ కొలిమిల పొగ అది. పొడిగుడ్డతో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి, ముందు నీళ్ళు కొట్టాలి. నా కారులో గాలి వడపోసే ఫిల్టరుంది, లోపల గాలి ఎంత శుభ్రంగా ఉందో తెర మీద అంకె చూపిస్తుంది. షిఫ్టు దిగి సైకిళ్ళ మీద పోయే కార్మికులు ఆ అద్దానికి అవతలే ఉంటారు. ఇలాంటి కారులో కూర్చున్నవాడికి బయటి వాసన, వేడి, చప్పుడు ఏవీ తెలియవు. కంపెనీలు అమ్మేది ముఖ్యంగా ఆ తెలియకపోవడాన్నే.

వేగమూ అంతే. పాత అంబాసిడర్ ఎనభై దాటితే తలుపులు గడగడలాడేవి, స్టీరింగు చేతుల్లో వణికేది. బండే చెప్పేది, ఇక చాలు అని. నా కారులో నూటఇరవై కూడా అరవైలాగే ఉంటుంది. నవా రాయ్‌పూర్ రోడ్లు చూసినవాళ్ళకి నేను చెప్పేది తెలుస్తుంది. ఆరు వరసల వెడల్పు, ఇరువైపులా చెట్లు, రాత్రి తొమ్మిది దాటితే మనిషి కనబడడు. కాలు దానంతటదే కిందికి పోతుంది. వానాకాలంలో అదే రోడ్ల మీద, ధమ్‌తరి రోడ్డు మీద, ఆవులు మందలుగా పడుకుంటాయి. పొలాలు తడిగా ఉంటాయి, తారు వెచ్చగా పొడిగా ఉంటుంది, అందుకని. నల్లగేదె చీకట్లో యాభై అడుగుల దూరంలోకి వచ్చేదాకా కనబడదు. ముందున్న బండిని, మనిషిని గుర్తుపట్టి తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు నా కారుకి ఉంది. గేదె విషయంలో దాన్ని నేను నమ్మను. పల్లెల మీదుగా పోయేటప్పుడు రాత్రి అరవై దాటొద్దని డ్రైవరుకి చెప్పాను. మా అబ్బాయికీ అదే చెప్పాను, వాడికి నచ్చలేదు.

ఈ కారు గురించి నన్ను అందరూ అడిగే ప్రశ్నలు మూడు: ఎంత పెట్టావు, మైలేజీ ఎంత, ఎంత స్పీడు పోతుంది. మా చిన్నాన్న ఒక్కడే నాలుగోది అడిగాడు. మాది రైలు కుటుంబం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వచ్చే లైను 1931లో పూర్తయింది. ఆ లైను వెంబడే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. మా తాత అలా వచ్చినవాడే. చిన్నాన్న గూడ్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కొత్తకారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు చూసి అడిగాడు:

“నూరు మీద పోతుంటే ఆపడానికి ఎంత దూరం పడతాదిరా?”

“పొడి రోడ్డయితే నలభై మీటర్లలో ఆగిపోతుంది చిన్నాన్నా.”

“అది బ్రేకు తొక్కాక. తొక్కాలని నీకు తెలిసేలోపు ఎంత పోతాది?”

నూరు కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఇరవై ఎనిమిది మీటర్లు. ఆ మాటే చెప్పాను.

“బండి సంగతి కాదు నానడిగింది, నీ సంగతి,” అన్నాడు.

ఆయన డ్యూటీ ఎక్కేముందు ఊపిరి పరీక్ష చేసేవాళ్ళు. ఇంజన్లో వేగం నమోదయ్యేది, ఆ చార్టు తర్వాత ఇన్‌స్పెక్టరు చూసేవాడు. గీత దాటితే సంజాయిషీ, మరీ దాటితే ఉద్యోగానికే ముప్పు. వేల టన్నులు లాగే మనిషి కాబట్టి అతని మీద అంత నిఘా. రెండు టన్నుల ఇనుము, నిమిషమైనా పట్టకుండా రెండొందలు దాటే ఇంజను నా చేతికిచ్చి, తప్పు చేస్తే మూడోవంతు ట్యాంకు ఖర్చు అంటోంది రోడ్డు.

ప్రభుత్వానికి నా కారు ధర తెలియదా అంటే బాగా తెలుసు. పది లక్షలు దాటిన కారు కొంటే ఒక శాతం టీసీఎస్ అనే పన్ను 2016 నుంచి వసూలు చేస్తోంది. పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి యాభై శాతం దాకా ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి నలభై. జీవితకాల రోడ్డు పన్ను కారు ధరలో ఇంత శాతమని లెక్కగడతారు. 2025 మొదట్లో రాయ్‌పూర్ సైన్స్ కాలేజీ మైదానంలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో కొన్నవాళ్ళకి ఆ పన్నులో సగం తగ్గించారు, ఎంత ఖరీదైన కారైతే అంత ఎక్కువ మిగిలింది. కొన్నప్పుడు ధర చూస్తారు, రాయితీ ఇచ్చినప్పుడు ధర చూస్తారు. తప్పు చేసినప్పుడు మాత్రం అన్ని కార్లూ సమానమైపోతాయి.

బీమా ఇంకా విచిత్రం. నా కారుకి దెబ్బ తగిలితే బాగుచేయించే పాలసీకి ఏడాదికి లక్ష పైగా కడుతున్నాను. నా కారు వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే పరిహారమిచ్చే థర్డ్ పార్టీ బీమా, పదిహేను వందల సీసీ దాటిన ప్రతి ప్రైవేటు కారుకీ ఒకటే: 2022లో ప్రకటించిన రేటు 7,897 రూపాయలు. పాత ఇన్నోవాకీ అంతే, కోట్ల రూపాయల కారుకీ అంతే. ప్రమాదం జరిగాక ట్రిబ్యునల్ ఎంత వేసినా మామూలుగా కట్టేది బీమా కంపెనీ. నడిపినవాడి జేబు దాకా రావడం అరుదు.

2024 మే 19 తెల్లవారుజామున పుణెలో ఒక పోర్షె కారు బైకు మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజనీర్లను చంపింది. ఇద్దరూ మన పొరుగు మధ్యప్రదేశ్ పిల్లలు. నడిపిన కుర్రాడికి పదిహేడేళ్ళు. రోడ్డు భద్రత మీద మూడొందల మాటల వ్యాసం రాయమని మొదట బెయిలిచ్చిన సంగతి దేశమంతా చదివింది. ఇంకో సంగతి అంతగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ కారుకి రిజిస్ట్రేషనే పూర్తి కాలేదు, 1,758 రూపాయల ఫీజు కట్టలేదు కాబట్టి. కోటి దాటిన కారు కొన్న ఇంట్లో ఆ ఫీజు కట్టే పని నెలల తరబడి ఎవరికీ గుర్తు రాలేదు. అంత చిన్న మొత్తం చట్టమన్న స్పృహనే కలిగించదు. రెండు వేల చలానాలకీ పడుతున్న గతి అదే.

ఫిన్లాండ్‌లో వేగానికి జరిమానాను మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. 2023 జూన్‌లో అక్కడి ఆలండ్ దీవుల్లో ఒక కోటీశ్వరుడు యాభై కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట ఎనభై రెండులో వెళ్ళాడు. పడిన జరిమానా 1,21,000 యూరోలు, మన లెక్కలో కోటి రూపాయల పైమాటే. ఎక్కువ వెళ్ళింది ముప్పై రెండు కిలోమీటర్లేగా అనిపిస్తుంది. కానీ యాభైలో తగిలే దెబ్బకి ఎనభై రెండులో తగిలే దెబ్బ రెండున్నర రెట్ల పైనే. నడిచివెళ్ళే మనిషికి బతుకుకీ చావుకీ మధ్య తేడా అది.

మన దగ్గర ఆదాయం లెక్క కుదరదు, చూపించే ఆదాయం ఎలా ఉంటుందో వ్యాపారిగా నాకు తెలుసు. కారు ధర అలా కాదు. ఆర్టీఓ కంప్యూటర్లో ఇన్వాయిసుతో సహా ఉంటుంది. ఆరు లక్షల కారుకి రెండు వేలంటే మూడొందలో వంతు. అదే పాళ్ళలో కోటి ఇరవై లక్షల కారుకి నలభై వేలు. నలభై వేలయితే నేను ఆలోచిస్తాను. మా అబ్బాయి తప్పక ఆలోచిస్తాడు.

ఖరీదైన కారుకి పన్ను ముందే దండిగా కట్టాం కదా అని నా స్నేహితులంటారు. పన్ను కారు ఉన్నందుకు, జరిమానా దాన్ని ఎవరి మీదికో తోలినందుకు. మొదటిది కట్టామని రెండోదానికి తగ్గింపు అడగడం నాకు సిగ్గుగా ఉంటుంది. పెద్ద జరిమానా పెడితే లంచం పెద్దదవుతుందని ఇంకో మాట. కూడలిలో కెమెరా ఫోటో తీస్తే ఇంటికి వచ్చే ఈ-చలానాకి అది వర్తించదు. అన్నిటికంటే బరువైన అభ్యంతరం డ్రైవర్లది. చాలా ఇళ్ళలో చలానా వస్తే డ్రైవరు జీతంలో కోస్తారు. వెనక సీట్లోంచి టైమైపోతోంది, కానీ, కానీ అనేది యజమాని. నలభై వేలు అతని జీతంలోంచి కోస్తే రెండు నెలలు ఆ ఇల్లు గడవదు. అందుకని కారు ధరను బట్టి పెరిగిన భాగం యజమానే కట్టాలని, జీతంలో కోయకూడదని ఉత్తర్వులోనే రాయాలి.

ఇంతకీ ధరను బట్టి జరిమానా పెంచడానికి చట్టం మార్చనక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 210ఏ అనే సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద పడే ప్రతి జరిమానానూ ఒకటి నుంచి పది రెట్ల దాకా పెంచే గుణకాన్ని రాష్ట్రం గెజెట్‌లో ప్రకటించవచ్చు. వాహనాలను రాష్ట్రమే తరగతులుగా విడదీసి, ఒక్కో తరగతికి ఒక్కో గుణకం పెట్టవచ్చని కూడా అందులోనే ఉంది. పది రెట్లు పెడితే రెండు వేలు ఇరవై వేలవుతుంది. నేనడిగిన నలభై కాదు, ఫిన్లాండ్ అంతకన్నా కాదు, కానీ చలానా చూసి ఇంట్లో మాట పడే మొత్తమే. నవా రాయ్‌పూర్‌లోని సచివాలయం, మహానది భవన్ నుంచి ఒక నోటిఫికేషన్ రావాలి, అంతే.

అది త్వరగా రావాలనడానికి కారణముంది. అభన్‌పూర్ దగ్గర మొదలై కేశ్‌కాల్ కొండల కింద జంట సొరంగాల గుండా, ఒడిశాలో నవరంగపూర్, కోరాపుట్ దాటి, సబ్బవరం దగ్గర దిగే రాయ్‌పూర్–విశాఖ కొత్త ఆరు వరసల రహదారి 464 కిలోమీటర్లు. రోజంతా పట్టే మా ఊరి ప్రయాణం సగానికి సగం తగ్గుతుంది. సంక్రాంతికి ఇక్కడి తెలుగువాళ్ళ కార్లన్నీ ఆ దారినే పడతాయి, నాదీ పడుతుంది. గంటకు వంద కిలోమీటర్లకు తగ్గట్టు కట్టిన రోడ్డు మీద మా కార్లు నూటఎనభై ఇట్టే అందుకుంటాయి. ఆ రోడ్డుకి మూడు ప్రభుత్వాలున్నాయి. రాయ్‌పూర్ ఒక గుణకం, భువనేశ్వర్ ఒకటి, అమరావతి ఒకటి పెడితే డ్రైవరు సరిహద్దు చూసి కాలు తొక్కుతాడు. ముగ్గురు రవాణా మంత్రులూ ఒకసారి కూర్చుని, మూడు గెజెట్లలోనూ ఒకే అంకె, ఒకే ధరల తరగతులు ఉండేలా చూడాలి. సొరంగం రెండు కొసల్లోనూ కెమెరాలు పెట్టి, మధ్యదూరానికి పట్టిన సమయంతో సగటు వేగం లెక్కగట్టాలి. కెమెరా కనబడినప్పుడు బ్రేకు తొక్కి తప్పించుకునే వీలు అప్పుడుండదు.