సుదీర్ఘ నవలల చెలిమి

హైదరాబాదు పాతనగరం నుండి నయాపూల్ దాటి మూసీనది ఉత్తరపు ఒడ్డుకు చేరితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కనిపిస్తుంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా స్థాపితమై, 1936లో ఇప్పటి భవనంలోకి మారిన ఈ సంస్థకు పాతనగరపు విద్యార్థులు తరతరాలుగా నడిచి వస్తూనే ఉన్నారు. నేడు అక్కడి పఠన మందిరాలలో కూర్చునే యువతీయువకులలో పెక్కుమంది పోటీపరీక్షలకు సిద్ధమయ్యేవారే. అందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఉద్యోగం అవసరం, చదువు దానికి మార్గం. అయితే డికెన్స్, థాకరే, జార్జి ఎలియట్ వంటివారి ఎనిమిదివందల పుటల నవలను ఎవరైనా చేతిలోకి తీసుకుంటే, “ఇంత గ్రంథం ఎవరు చదువుతారు? సారాంశం చాలదా?” అనే ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. నవల అంటే కథ మాత్రమేననీ, కథ తెలిస్తే నవల తెలిసినట్లేననీ భావించడం వలన పుట్టిన ప్రశ్న ఇది.

విక్టోరియా రాణి 1837 నుండి 1901 వరకు ఇంగ్లండును పాలించింది. ఆ కాలపు గొప్ప నవలలు పెక్కు, ఇప్పుడు మనం చూస్తున్నట్లు ఒకే లావుపాటి సంపుటిగా పాఠకుల చేతికి రాలేదు. డికెన్స్ తొలి నవల ‘పిక్విక్ పేపర్స్’ 1836–37 సంవత్సరాలలో నెలకొక భాగంగా, భాగానికి ఒక షిల్లింగు వెలతో వెలువడింది. థాకరే ‘వానిటీ ఫెయిర్’ 1847–48లో ఇదే పద్ధతిలో వచ్చింది. ఇక మూడు సంపుటాలుగా ప్రచురితమయ్యే నవలల వెల ముప్పై ఒకటిన్నర షిల్లింగులు. సామాన్యుడు కొనలేడు కనుక మ్యూడీ వంటి అద్దె గ్రంథాలయాలకు చందా కట్టి తెచ్చుకునేవాడు. ఒకే నవలను ఏకకాలంలో ముగ్గురు చందాదారులకు ఇవ్వవచ్చు కాబట్టి ఆ పద్ధతి గ్రంథాలయాలకు లాభసాటిగా ఉండేది. మూడు సంపుటాలు నింపడానికి కథను సాగదీసిన రచయితలూ లేకపోలేదు. అటువంటి నవలలను కాలమే పక్కకు నెట్టింది.

నెలకొక భాగం చదివేవారికి మరుసటి భాగం వచ్చేవరకు ఆ పాత్రల గురించిన ఆలోచనే తోడు. ఎదురుచూపులోని ఈ ఆనందం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినవారికి పరిచితమే. అక్కడి సంగీత గడియారంలో ప్రతి గంటకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి, గంట కొట్టి, తిరిగి లోపలికి పోతుంది. కొద్ది క్షణాల ఆ దృశ్యం కోసం జనం ముందుగానే వచ్చి, కదలకుండా కూర్చుంటారు. అదే దృశ్యాన్ని ఎదురుచూడకుండా ఒక చిత్రంలో చూస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు.

దీర్ఘ రచనలను ఆస్వాదించడం మనకు పరాయి అలవాటు కాదు. పద్దెనిమిది పర్వాల భారతం తెనుగు కావడానికి నన్నయ నుండి ఎఱ్ఱన వరకు సుమారు మూడు శతాబ్దాలు పట్టింది. ఉర్దూలో అమీర్ హమ్జా దాస్తాన్‌ను లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా అచ్చువేసింది. 1878వ సంవత్సరం ఈ విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ ఏడాది వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ ‘వివేకవర్ధని’లో ధారావాహికంగా వెలువడింది. అదే ఏడాది లక్నోలో రతన్‌నాథ్ సర్షార్ రచించిన ‘ఫసానా-ఎ-ఆజాద్’ ‘అవధ్ అఖ్బార్’లో భాగాలుగా రావడం మొదలైంది. గ్రంథరూపంలో అది నాలుగు సంపుటాలు, మూడు వేలకు పైగా పుటలు. ఊరూరా తిరిగే ఆజాద్, తాను ప్రేమించిన హుస్నారా కోరికపై తురుష్కుల పక్షాన యుద్ధానికి పోవడం అందులోని ప్రధాన కథ. అయితే పాఠకులు మరువలేనిది ఆ వీరుని కంటే అతని వెంట నడిచిన ఖోజీని. నల్లమందు మత్తులో తనను తాను మహాయోధునిగా ఊహించుకొనే ఆ పొట్టివాడు వేల పుటల పొడవునా నవ్విస్తూనే ఉంటాడు. ఈ రచనపై ‘పిక్విక్ పేపర్స్’ ప్రభావాన్ని విమర్శకులు గుర్తించారు. సర్షార్ 1895లో హైదరాబాదు చేరి, తరువాత నిజాం రాజ్యానికి ప్రధానమంత్రి అయిన మహారాజా కిషన్ ప్రసాద్ ఆదరణ పొంది, ఇక్కడే కన్నుమూశాడు. డికెన్స్ శైలి ఛాయ ఆ విధంగా చార్మినార్ దరికి ఉర్దూ వేషంలో ఏనాడో వచ్చి చేరింది.

సారాంశం ఇవ్వలేనిది ఏమిటో తెలియడానికి డికెన్స్ 1860–61లో రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లోని ఒక్క ఘట్టం చాలు. అనాథ అయిన పిప్‌ను అతని అక్క కఠినంగా పెంచుతుంది. ఆమె భర్త జో, పల్లెటూరి కమ్మరి. చదువు రాదు, మనసు వెన్న. ఆకస్మికంగా చేతికందిన సంపదతో పిప్ లండను చేరి పెద్దమనిషి అవుతాడు. ఒకనాడు జో అతనిని చూడడానికి వస్తాడు. ఎక్కడ కూర్చోవాలో, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియదు. పెట్టిన చోటి నుండి ఆ టోపీ పదేపదే జారిపడుతుంది. ఒడిలో కూర్చోబెట్టుకొని పెంచిన పిల్లవాడిని ఒకసారి చనువుగా, మరుక్షణం ‘అయ్యా’ అని పిలుస్తాడు. పిప్‌కు సిగ్గు. ఎవరైనా చూస్తారేమోనని భయం. సంక్షిప్త ప్రతులు దీనిని “జో రాకకు పిప్ సిగ్గుపడ్డాడు” అనే ఒక వాక్యంతో ముగిస్తాయి. పరీక్షకు అది చాలు.

మూలంలో ఈ ఘట్టం ఇరవై ఏడవ అధ్యాయంలో వస్తుంది. పాఠకుడు జోను రెండవ అధ్యాయం నుండి ఎరుగును. పిప్ తిట్లు తిన్న ప్రతిసారీ జో అతని విస్తరిలో మరికొంత గ్రేవీ వడ్డించడం చూశాడు. పొయ్యి పక్కన ఇద్దరూ మాట్లాడుకోవడం విన్నాడు. పైగా పిప్ సంపదలోనూ ఆశలోనూ తానూ భాగం పంచుకున్నాడు. అందుచేత జో టోపీ జారిపడినప్పుడు పాఠకుడు కూడా ఒక క్షణం విసుగు చెందుతాడు, వెంటనే ఆ విసుగుకు సిగ్గుపడతాడు. ఆ రెండవ సిగ్గు సారాంశం చదివినవానికి కలగదు. శాలిబండ గల్లీలోనో, హుసేనీ ఆలంలోనో చిన్న దుకాణం నడిపే తండ్రి కళాశాలకు వచ్చినప్పుడు స్నేహితుల ముందు తడబడిన విద్యార్థికి ఈ అధ్యాయాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

‘బ్లీక్ హౌస్’ మరొక ఉదాహరణ. అందులో ఒక ఆస్తి వ్యాజ్యం తరతరాలు సాగి, చివరకు ఆస్తి అంతా కోర్టు ఖర్చులకే హరించుకుపోతుంది. నవల నిదానంగా నడవకపోతే ఆ జాప్యం పాఠకునికి అనుభవంలోకి రాదు. మూసీ ఒడ్డున 1919లో పూర్తయిన హైకోర్టు భవనపు ఎర్రని గుమ్మటాలను చూస్తూ పెరిగినవారు, వాటాల వ్యాజ్యాలలో కరగిపోయిన దేవిడీల కథలు విన్నవారు, లండను పొగమంచును త్వరగానే గుర్తుపడతారు.

ఈ నవలలను తలవంచి మెచ్చుకోవలసిన పని లేదు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అనే మూడు సంపుటాల నవల ప్రచురించాడు. ఇంగ్లండు ఉత్కంఠతో చదివిన ఆ గ్రంథం, భారతదేశపు బాటలన్నీ హంతకులతో నిండి ఉన్నవనే భావనను అక్కడ పాదుకొల్పింది. దక్కను పాఠకుడు దానిని ఆసక్తితో చదువుతూనే వాదించవచ్చు. పెద్ద గ్రంథంతో పోట్లాట కూడా ఒక విధమైన చెలిమియే.

ఆంగ్లం కఠినమన్న మాట నిజమే. ఇంట ఉర్దూ లేక తెలుగు, తరగతిలో ఆంగ్లం వినే విద్యార్థికి తొలి యాభై పుటలు ఎక్కుడు పుటలే. కానీ నిడివి ఇక్కడ శత్రువు కాదు, సహాయం. ఒకే రచయిత పలుకుబడి, ఒకే ఊరు, అవే మనుషులు మళ్ళీమళ్ళీ ఎదురుపడుతుంటే నిఘంటువు తెరిచే అవసరం క్రమంగా తగ్గుతుంది. ప్రతి కొత్త కథకూ కొత్త మాటలు నేర్వవలసిన చిన్న రచనలలో ఆ సౌలభ్యం లేదు. వర్ణన విసుగనిపించిన చోట రెండు పుటలు దాటవేసినా అపరాధం కాదు.

జార్జి ఎలియట్ అనే కలంపేరుతో రాసిన మేరీ ఆన్ ఇవాన్స్ తన ‘మిడిల్‌మార్చ్’ను 1871 డిసెంబరు నుండి 1872 డిసెంబరు వరకు ఎనిమిది భాగాలుగా వెలువరించింది. తొలి పాఠకులకు అది పూర్తికావడానికి ఏడాది పట్టింది. రోజుకు మూడు పుటల చొప్పున చదివే నేటి విద్యార్థికి కూడా అంతకు మించిన వ్యవధి పట్టదు.