శిఖరము దాటిన ద్వీపము

మనామా నగరమునకు ఆగ్నేయదిశను ఉన్న మీనా సల్మాను రేవు, చమురువలన ప్రసిద్ధికెక్కిన బహ్రెయినులో ఉండియు, చమురును ఎగుమతి చేయుటకు కట్టబడినది కాదు. ఆ పని తొలినాళ్లనుండియు దానికి దక్షిణముననున్న సిత్రా ద్వీపమునకు చెందినది. 1942 నుండి 1961 వరకు పాలించిన షేక్ సల్మాన్ బిన్ హమద్ పేరు ధరించి, ఆయన అనంతరము 1960 దశకపు తొలియేండ్లలో పెద్ద ఓడలు చేరదగిన లోతునీటి వార్ఫులతో ప్రారంభమైన ఈ రేవు, చమురు అమ్మగా వచ్చిన ధనముతో కొన్న బియ్యము, సిమెంటు, యంత్రములు, మోటారుకారులు దిగుటకు ఏర్పడినది. 2009 ఏప్రిలులో ఆ సరకు వ్యాపారము హిద్ద్ వద్ద కొత్తగా కట్టిన ఖలీఫా బిన్ సల్మాన్ రేవునకు తరలిపోయెను. నేడు మీనా సల్మాను వార్ఫుల యందు ప్రధానముగా కానవచ్చునవి యుద్ధనౌకలు. ఆ పక్కనే జుఫైరులో అమెరికా ఐదవ నౌకాదళపు ప్రధానస్థానము కలదు. 1971లో గల్ఫును విడిచిపోయిన బ్రిటను సైతము 2018లో ఈ రేవునందే నౌకాకేంద్రమును మరల తెరచినది. చమురు ఉత్పత్తి ఒక శిఖరమునంటి దిగిపోవుననెడు వాదమును పరిశీలింపబూనిన వాడు నూనెబావులను విడిచి ఈ రేవు ప్రస్తావనతో ఉపక్రమించుట వింతగా తోచవచ్చును గాని, శిఖరము దాటిన దేశమునకు ఏమి సంభవించునో బావి చెప్పదు, రేవు చెప్పును.

చమురునకు పూర్వము ఈ ద్వీపము ముత్యములతో బ్రదికినది. వేసవి నెలలలో వేలకొలది మనుష్యులు ఊపిరి బిగబట్టి మునిగి తెచ్చిన ముత్యములు బొంబాయి వర్తకుల చేతుల మీదుగా పారిసు వరకు పోయెడివి. ద్వీపమున చెల్లు నాణెము సైతము చిరకాలము మన రూపాయియే. 1965లో గాని దీనారు రాలేదు. 1920లలో జపాను పెంపకపు ముత్యములు అంగడికెక్కుటయు, దాని వెన్నంటి 1929 నాటి ఆర్థికమాంద్యము వచ్చిపడుటయు కూడి ఆ వ్యాపారమును కొలది యేండ్లలోనే కూల్చివేసినవి. ముత్యపు చిప్పలు సముద్రమున అట్లే యున్నవి, కొనువారే కరవైరి. ఈ సంగతితో మునుముందు మనకు పనియున్నది.

ఆ దుర్దశలోనే చమురు పడినది. అరబ్బుతీరమున చమురు లేదని నాటి పెద్ద కంపెనీల భూగర్భశాస్త్రజ్ఞులలో పలువురు తీర్మానించుకొని యుండగా, మంచినీటి బావులు త్రవ్వించుచు వచ్చిన ఫ్రాంక్ హోమ్స్ అను న్యూజీలాండు దేశస్థుడు 1925లో ఇచట చమురు అన్వేషించుటకు హక్కు సంపాదించెను. ఆ హక్కు చేతులు మారి కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని చేరినది. బ్రిటిషు సామ్రాజ్యమునకు చెందిన సంస్థయే యుండవలెనను నిబంధనను గట్టెక్కుటకు ఆ అమెరికను కంపెనీ 1929లో కెనడాలో బాప్కో అను బహ్రెయిను పెట్రోలియం కంపెనీని రిజిస్టరు చేయించినది. కాగితము మీది జాతీయత ఎంత సులభముగా మారునో చమురు వ్యాపారమంత బాగుగా నేర్పిన విద్యాలయము వేరొకటి లేదు. జెబెల్ దుఖాన్ కొండపాదమున 1932 జూనులో, సుమారు 2,000 అడుగుల లోతున, మొదటి బావినుండి చమురు పైకి వచ్చినది. అరబ్బుతీరపు గల్ఫు రాజ్యములన్నిటిలోను ఇదే మొదటి చమురు. సౌదీ అరేబియాలోని దమ్మాము బావి అటుపై ఆరేండ్లకు గాని ఫలింపలేదు. 1936లో సిత్రాయందు శుద్ధికర్మాగారము వెలసినది.

మొదట దొరకినచోటనే మొదట తరుగుట సహజము. బహ్రెయిను భూక్షేత్రపు ఉత్పత్తి 1970లో దినమునకు 75,000 పీపాలను దాటి, అటుపిమ్మట క్రమక్రమముగా దిగజారి, ఈ శతాబ్దపు తొలి దశకాంతమునకు సగమునకును దిగువకు వచ్చెను. ఆ 1970వ సంవత్సరమే అమెరికా సంయుక్తరాష్ట్రముల సాంప్రదాయిక చమురు ఉత్పత్తికిని శిఖరమగుట కాకతాళీయమే అయినను చెప్పుకొనదగినది. షెల్ కంపెనీలో పనిచేయుచుండిన ఎం. కింగ్ హబ్బర్ట్ అను శాస్త్రజ్ఞుడు 1956లో శాన్ ఆంటోనియో నగరమున చదివిన పత్రములో, ఒక దేశమున భూమియందున్న చమురు పరిమితము గనుక దాని ఉత్పత్తి గంటయాకారపు రేఖవలె పెరిగి, ఇంచుమించు సగము తోడిన పిదప తరుగునని వాదించి, అమెరికాకు ఆ గడువు 1965కును 1970కిని నడుమ వచ్చునని లెక్కకట్టెను. ఆనాడు నవ్వినవారు 1970 తరువాత ఆయనను ఋషిగా చూడసాగిరి. 1998లో కోలిన్ క్యాంబెల్, జాన్ లహెరేర్ అనువారు ఆ లెక్కనే ప్రపంచమునకు వర్తింపజేసి చౌక చమురు యుగము ముగియనున్నదని వ్రాసిరి. 2005లో మాథ్యూ సిమ్మన్స్ సౌదీ క్షేత్రములే అలసిపోవుచున్నవని ఒక గ్రంథమే వెలువరించెను. 2008 జూలైలో పీపా ధర 147 డాలర్లు తాకినప్పుడు శిఖరవాదులకు ఎదురుచెప్పు ధైర్యము కొందరికే మిగిలినది.

పిమ్మట జరిగినది లోకవిదితము. రాతిపొరలను నీటి ఒత్తిడితో చీల్చి చమురు పిండు విద్య ఫలించి, 1970లో దినమునకు 96 లక్షల పీపాలుండి 2008 నాటికి 50 లక్షలకు పడిపోయిన అమెరికా ఉత్పత్తి, 2018లో పాత శిఖరమును దాటి, 2023లో కోటి 29 లక్షలకు చేరినది. హబ్బర్ట్ ఓడెనని ప్రతిపక్షులు చాటిరి. ఈ చాటింపు నాకు సగమే నిజముగా తోచుచున్నది. అంతర్జాతీయ ఇంధన సంస్థయే 2010 నాటి నివేదికలో సాంప్రదాయిక ముడిచమురు ఉత్పత్తి 2006లోనే పరాకాష్ఠనందినదని అంగీకరించినది. అటుపై ప్రపంచము వాడుకొనిన అధికాంశమును సమకూర్చినవి షేల్ రాళ్లు, కెనడా తారుమన్ను, సహజవాయువుతో కూడ వచ్చు ద్రవములు. షేల్ బావి మొదటి యేటనే తన దిగుబడిలో సగమునకు పైగా కోల్పోవును గనుక, ఉన్నచోట నిలుచుటకే ఎడతెగక కొత్తబావులు త్రవ్వుచుండవలయును. తరుగుదల ఆగిపోలేదు, దానిని కప్పిపుచ్చుటకు పెట్టు వ్యయము పెరిగినది.

ఈ భేదము బహ్రెయినులో కంటికి కట్టినట్లు కనబడును. 2018 ఏప్రిలులో పడమటి తీరపు సముద్రమున బిగువైన రాళ్లలో 8,000 కోట్ల పీపాల చమురు కలదని ప్రభుత్వము ప్రకటింపగా వార్తాపత్రికలు ద్వీపము మరల సంపన్నమైనదని వ్రాసినవి. అది భూమిలోనున్న మొత్తమే గాని చేతికి వచ్చునది కాదు. అట్టి రాళ్లనుండి సామాన్యముగా నూటికి అయిదో పదో పాళ్లు మాత్రమే పైకి తీయవచ్చును, ఆ తీయుటయు ధర హెచ్చుగానున్న నాళ్లలోనే గిట్టును. ప్రకటన జరిగి యేండ్లు గడచినను ద్వీపపు ఆదాయపు లెక్కను మార్చునంత చమురు అచటినుండి రాలేదు. పాతక్షేత్రమున మాత్రము 2009లో ఏర్పడిన తత్వీర్ సంస్థ శ్రమించి ఉత్పత్తిని దినమునకు 40,000 పీపాలను మరల దాటించినది. శిఖరము దాటిన క్షేత్రమునకు అదియొక ఘనకార్యమే.

అయినచో సిత్రా శుద్ధికర్మాగారము దినమునకు 2,60,000 పీపాలకు పైగా చమురు వడపోయుచు వచ్చుట, ఇటీవలి విస్తరణతో 4,00,000కు చేరువగుట ఎట్లు? ఆ చమురులో మిక్కిలి భాగము సౌదీ అరేబియాది. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికే సౌదీ క్షేత్రములనుండి సముద్రగర్భమున వేసిన గొట్టములు ద్వీపమును చేరినవి. 2018లో వాని స్థానమున దినమునకు 3,50,000 పీపాలు మోయగల కొత్త గొట్టపుమార్గము వచ్చినది. అంతకంటెను విలువైనది అబూ సఫా. రెండు దేశముల సముద్రపు హద్దును తేల్చుచు 1958లో చేసికొన్న ఒప్పందము ప్రకారము ఆ క్షేత్రము సౌదీదిగా నిర్ణయమై, దాని ఆదాయములో సగము బహ్రెయినుకు చెందునట్లు ఏర్పాటు జరిగెను. అచట దినమునకు సుమారు 3,00,000 పీపాల ఉత్పత్తి గలదు. ద్వీపమునకు చెందు వాటా దాని స్వంతక్షేత్రపు దిగుబడికి మూడు రెట్లకు పైమాట. తన నేలపై బావులు తరిగిన ఈ దేశము చమురు దేశముగానే మిగిలినది. కాని అట్లు మిగులుట ఇతరుల దయయందును, ఇతరుల కొళాయియందును ఉన్నది. 2018లో అప్పుల భారముతో దీనారు మారకపు విలువయే కదలునేమోయను భయము పుట్టినప్పుడు సౌదీ, కువాయిటు, ఎమిరేట్సు కలిసి 1,000 కోట్ల డాలర్ల సహాయము ప్రకటించినవి. శిఖరవాదులు చమురు ఎప్పుడు తరుగునని అడుగుదురు; వారి ప్రత్యర్థులు తరుగదని చెప్పుదురు. తరిగిన పిదప దేశపు నిర్ణయాధికారము ఎవరి చేతికి పోవునను ప్రశ్నను ఉభయులును వేయలేదు.

ఈ కథ తెలుగునేలకు దూరపుది కాదు. బహ్రెయిను చమురును తూర్పుదేశములలో అమ్ముకొనుటకు స్టాండర్డ్ ఆయిల్‌కు అంగళ్లు లేకపోవుటచే, అంగళ్లు గల టెక్సస్ కంపెనీతో 1936లో పొత్తు కుదుర్చుకొనగా పుట్టినది కాల్టెక్సు; ఆ కాల్టెక్సే 1957లో విశాఖపట్టణమున శుద్ధికర్మాగారమును నెలకొల్పినది. నేడది హిందుస్థాన్ పెట్రోలియముదే యైనను వంశవృక్షమున సిత్రా దానికి జ్యేష్ఠ సోదరి. ఇక గంటయాకారపు రేఖను మనము కృష్ణా గోదావరీ పరీవాహకపు సముద్రములోనే చూచితిమి. 2002లో కనుగొనిన కే.జీ. డి-6 వాయుక్షేత్రము 2009 ఏప్రిలులో ఉత్పత్తి ప్రారంభించి, మరుసటి యేడే దినమునకు 6 కోట్ల ఘనమీటర్లకు ఎగసి, అంతే వేగముగ పడిపోగా, దాని తొలి రెండు నిక్షేపములు 2020 ఫిబ్రవరిలో మూతపడినవి. ఆ వాయువును నమ్ముకొని కట్టిన విద్యుత్కేంద్రములు ఇంధనము లేక నిలిచిపోయినవి. అదే యేడు చివర ఆ చెంతనే మరింత లోతునీటి క్షేత్రములు తెరువబడి ఉత్పత్తి తిరిగి పుంజుకొనినది, ఎక్కువ వ్యయముతో.

ఇప్పుడు వాదము మరియొక మలుపు తిరిగినది. చమురు తరుగుటకు ముందే దానిపై కోరిక తరుగునా యనునది నేటి ప్రశ్న. విద్యుద్వాహనముల వ్యాప్తి చూచి 2030 లోపల వాడుక శిఖరమునందునని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో చెప్పగా, ఒపెక్ దానిని త్రోసిపుచ్చినది. వాడుక మాత్రము దినమునకు 10 కోట్ల పీపాలను దాటి నిలిచియున్నది. ముత్యముల కూలుబాటును చూచిన ద్వీపమునకు ఈ సంభావ్యత అపూర్వము కాదు. గర్భమున సరకు మిగిలియుండగనే వ్యాపారము నశింపవచ్చునని అచటి వృద్ధులు తమ కన్నుల చూచిరి. అయితే చమురునకు నౌకాదళముల కాపలా కావలసివచ్చినది. హొర్ముజ్ జలసంధిగుండా 2024లో దినమునకు సుమారు 2 కోట్ల పీపాలు, అనగా ప్రపంచపు వాడుకలో అయిదవవంతు, పోయినవి. ఆ త్రోవను కాయు నౌకాదళముల ఖర్చును శిఖరవాదులు గాని, తద్విరోధులు గాని పీపాధరలో చేర్చి చూపుట నేనెరుగను.

లెక్కలో చేరని ఖర్చును ఎవరో ఒకరు భరింపక తప్పదు. బహ్రెయిను ప్రభుత్వపు ఆదాయవ్యయములు సరితూగుటకు పీపాధర 120 డాలర్లకు పైబడవలెనని అంతర్జాతీయ ద్రవ్యనిధి ఇటీవలి యేండ్లలో అంచనావేయుచు వచ్చినది. ఆ యేండ్లలో అంగడిలో ధర అంతకు మిక్కిలి దిగువను ఉండెను. 2014లో ధరలు కూలిన పిదప, 2015 అక్టోబరులో మాంసముపై సబ్సిడీని ఎత్తివేసి, ఆ నష్టమునకు పరిహారముగా పౌరులకు మాత్రము నగదు ఇచ్చిరి. 2016 జనవరిలో పెట్రోలు ధర సగమునకు పైగా పెరిగినది. 2019లో నూటికి 5 వంతున విధించిన విలువాధారిత పన్ను 2022 జనవరిలో 10 అయినది. కరీంనగరు, నిజామాబాదు పల్లెలనుండియు, కోనసీమనుండియు, కడపనుండియు గల్ఫునకు పోయి పనిచేయుచున్న మనవారు బహ్రెయినులో పౌరులు కారు గనుక, మాంసపు పరిహారము వారికి లభింపలేదు. పన్ను మాత్రము వారి జీతములనుండి, ఇంటికి పంపవలసిన సొమ్మునుండి, అందరివలెనే వసూలగుచున్నది.