చలి పేరు చెప్పకండి

చలికాలం తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగిందంటే చెల్లెలే. "అన్నా, అమ్మకు దమ్ము లేచింది." పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి అమ్మ మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింది గుంట లోపలికి పోతుంటుంది. పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తాయి. పిలిస్తే తల ఊపుతుంది, మాట రాదు.

నిరుడు అలాంటి ఒక రాత్రి తెల్లారాక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే నాకు దొరికిన జవాబు ఇది: "ఆదిలాబాద్ చలికి దమ్ము లేవదా ఏంది?" ఇన్‌హేలర్ లేదన్నారు. గోలీలు చేతిలో పెట్టారు.

లేస్తుంది. ఎందుకు లేస్తుందో కూడా చెప్తాను. గాలిని వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపడం ముక్కు పని. ఆయాసపడే మనిషి నోటితో ఎగపీలుస్తుంది. పొడి చలిగాలి నేరుగా శ్వాసనాళాల్లోకి దిగి అక్కడి తడిని లాగేస్తుంది. ముందే వాచి ఉన్న నాళం బిగుసుకుపోతుంది. ముందే వాచి ఉన్న నాళం! అదే గాలి పీలుస్తూ పక్కింటాయన పొలానికి పోతున్నాడు కదా. ఆ వాపును అణచేది రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు. ముదిరిన ఉబ్బసానికి అదొక్కటే చాలకపోవచ్చు. అసలు అదే ఇవ్వనివాళ్లు ఆకాశం వైపు చెయ్యి చూపిస్తారా? ఆ రకం మందే అయిన బ్యూడెసొనైడ్ ఇన్‌హేలర్ 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. జాబితాలో ఉన్న మందు అలమరలో ఎందుకు లేదు?

చలి మా జిల్లాకు చెప్పకుండా వచ్చే చుట్టం కాదు. ఏటా 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే పత్తి మార్కెట్ నిండుతుంది, జిన్నింగ్ మిల్లులు నూగు కక్కుతాయి. చల్లగాలి నేలను అంటుకుని ఉండిపోవడంతో ఆ నూగూ, చలిమంటల పొగా పైకి పోవు. వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఆరోగ్య కేంద్రం గుమ్మం దాటి లోపలికి రాదా?

మేలో అదే ఊళ్లో 45 డిగ్రీలు. వేడిగాలి కూడా ఈ నాళాలను బిగిస్తుంది. బండ్ల పొగ మండుటెండలో ఓజోన్‌గా మారి ఇంకా మంట పెడుతుంది. ఇన్‌హేలర్‌ను 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని డబ్బా మీద రాసి ఉంటుంది. రేకుల ఇంట్లో ఆ చోటు ఏది? మేం బయట కొన్నదాన్ని అమ్మ నీళ్ల కుండ వెనకాల దాచుకుంటుంది. మేలో దమ్ముతో ఊపిరాగిన మనిషిని ఎండ ఖాతాలో రాసేదెవరు?

మళ్లీ పత్తి బండ్లు బారులు తీరుతున్నాయి. కొన్న ఇన్‌హేలర్‌ను అమ్మ చెవి దగ్గర ఊపి చూసుకుంటోంది, ఎంత మిగిలిందోనని. ఈసారి మీ ఆరోగ్య కేంద్రం గుమ్మం ఎక్కినప్పుడు నాకు చలి సంగతి చెప్పకండి. అలమర తెరవండి.