కార్డు ఇవ్వని బ్యాంకు కారణం చెప్పాలి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పనిచేసే మన పిల్లలు, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి పోయేవాళ్లు, పులివెందుల చీనీ తోటల్లో కూలికి పోతూ డిగ్రీ చదివినవాళ్లు ఈ మధ్య మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. క్రెడిట్ కార్డుకు అప్లై చేస్తే రిజెక్ట్ అయింది, మళ్లీ ఎప్పుడు పెట్టాలి? యూట్యూబులో దొరికే జవాబు ఆరు నెలలు. కారణం తెలుసుకోకుండా ఆరు నెలలు ఆగితే ఏడో నెలలో వచ్చేదీ అదే జవాబు.

క్రెడిట్ కార్డు దరఖాస్తును తిరస్కరిస్తే నిర్దిష్టమైన కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లోనే ఉంది. 'మా అంతర్గత నిబంధనలకు సరిపోలేదు' అనే మెసేజ్ కారణం కాదు. ముందు అది అడుగుతూ బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు.

కారణాన్ని బట్టే గడువు. రిపోర్టులో తప్పు ఉంటే ఆరు నెలలు ఆగే పనే లేదు. సిబిల్‌తో సహా నాలుగు క్రెడిట్ కంపెనీలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. మైక్రోఫైనాన్స్ గ్రూపు అప్పు కూడా ఒక్కొక్కరి పేరు మీదే ఈ కంపెనీలకు చేరుతుంది. సెంటర్ మీటింగులో కట్టిన కంతు ఖాతాలో ఎక్కకపోతే మచ్చ పడేది కట్టిన ఆడమనిషి పేరు మీదే, అందుకే రసీదులు పారేయొద్దు. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. తప్పు సరిచేసినట్టు రిపోర్టులో కనబడ్డాకే దరఖాస్తు పెట్టండి.

నిజంగానే బాకీ ఉంటే కట్టాలి, ఆగాలి. తగ్గించి కట్టించుకుంటే 'సెటిల్డ్' అని పడుతుంది, అది 'క్లోజ్డ్' కాదు. ఇక ఒకే వారంలో నాలుగు బ్యాంకులకు పెట్టడం అన్నిటికంటే నష్టం. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో విచారణగా నమోదై, అప్పు కోసం తిరుగుతున్నాడన్న అర్థం ఇస్తుంది.

అసలు చిక్కు మూడో రకం. అప్పు చరిత్రే లేదు, స్కోరు -1. దరఖాస్తులో కులం గడి లేదు, నిజమే. కానీ జీతం స్లిప్పు, సొంత ఇల్లు, పాత ఖాతా అడిగే గడులున్నాయి. నగదు కూలి తీసుకునే వాడ మనిషి దగ్గర అవేవీ ఉండవు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో బ్యాంకులకు సూచించింది. సూచనే, నిర్ణయం బ్యాంకుదే. ఇలాంటివాళ్లకు కాలం గడవడం వల్ల ఏమీ మారదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒక దారి, డిపాజిట్ చేయడానికి డబ్బుంటే.

కార్డు వస్తే విముక్తి అని మేము అనడం లేదు. బాకీ పడితే ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ పడే కార్డులున్నాయి. కానీ అది దొరకనివాడు పోయేది నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 60 శాతానికి, లేదంటే లోన్ యాప్‌కు.

ఎస్సీ, ఎస్టీల రుణ దరఖాస్తులను బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదు, పై అధికారే చేయాలి, కారణం స్పష్టంగా రాయాలి. ఇది రిజర్వు బ్యాంకు మాస్టర్ సర్క్యులర్‌లో ఏళ్ల తరబడి ఉన్న మాట. బ్రాంచి మేనేజరు వివక్షను ఊహించి పెట్టిన రక్షణ అది. ఇప్పుడు కార్డు ఇవ్వాలా వద్దా అన్నది మేనేజరు బల్ల దాకా కూడా రాదు, సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో తేల్చేస్తుంది. పై అధికారి ఎవరు? రిజిస్టరు ఎక్కడ? ఈ మూడు పట్టణాల్లోని ప్రభుత్వరంగ బ్యాంకు బ్రాంచీలకు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి: గత ఏడాది ఎన్ని ఎస్సీ దరఖాస్తులు, ఏ స్థాయిలో, ఏ కారణంతో తిప్పి పంపారు అని. విద్యార్థి సంఘాలు చేయగలిగిన పనే, ఖర్చు పది రూపాయలు.