పాలకొల్లు మేండలినూ, పాత బాణీకి కొత్త ప్రాణమూ

ఫ్యూజన్ అంటే మన పెద్దలకు మంట. రాగమూ లేదు తాళమూ లేదు, అంతా మోత అంటారు. కుర్రకారుకేమో సినిమా పాటకు గిటారు తగిలిస్తే అదే ఫ్యూజన్. ఈ ఉభయ పక్షాలూ 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ అనే ఆల్బమ్ ఒక్కసారి వినాలని నా మనవి. అందులో మేండలిన్ వాయించింది మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు.

కథ అంతకు ముందుది. ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయకరామ్ ఘటం కలిసి ‘శక్తి’ అనే బృందమైంది. వారి మొదటి రికార్డు 1975 జూలైలో అమెరికాలోని సౌతాంప్టన్ కాలేజీలో చేసిన కచేరీయే. స్టూడియో కాదు సుమండీ, కాలేజీ! మూడు రికార్డులయ్యాక విడిపోయారు. 1997లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో బృందం మళ్ళీ లేచింది.

పాత బృందాలు మళ్ళీ కలిస్తే సాధారణంగా పాత పాటలే, కాస్త నీరసంగా వినిపిస్తాయి. ఇక్కడ అలా జరగలేదు. వయొలిన్ చోట మేండలిన్ వచ్చింది. వినాయకరామ్ గారి అబ్బాయి సెల్వగణేశ్ కంజీర పట్టుకుని వచ్చాడు. 1999 యూరప్ కచేరీల నాటికి మెక్‌లాఫ్లిన్‌కు 57 ఏళ్ళు, శ్రీనివాస్ గారికి 30. పెద్దాయన పక్కకు జరిగి కుర్రవాడికి చోటిచ్చాడు. ఆ బాణీ బతికింది అందువల్లనే అని నా వాదన. ‘లోటస్ ఫీట్’ రెండు రికార్డుల్లోనూ ఉంది. వెంటవెంటనే వినండి, తేడా మీకే తెలుస్తుంది. తాళవాద్యాల పోటీ మాత్రం కొంత సాగిందనే నా ఫిర్యాదు.

మేండలిన్ మీద కర్ణాటక సంగీతం ఆషామాషీ కాదండీ. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నారు, కరెంటు మేండలిన్ పట్టారు. రుద్రరాజు సుబ్బరాజు గారి శిష్యరికంలో 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. అప్పటికింకా పద్నాలుగేళ్ళ పిల్లవాడు!

2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్ళకే ఆయన పోయారు. ‘శక్తి’ మాత్రం ఆగలేదు. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్‌తో 2023లో తెచ్చిన ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది.

ఇక మన సంగతి. వార్షికోత్సవం వస్తే వేలకు వేలు పోసి మ్యూజికల్ నైట్ పెట్టిస్తాం. వాద్యాలన్నీ ముందే రికార్డయిన ట్రాకులో ఉంటాయి. గాయకుడు దగ్గినా అది ఆగదు, హాలంతా చప్పట్లు కొట్టినా దానికి హుషారు రాదు. హాస్టల్లో క్లారినెట్ వాయించే కుర్రాడు ప్రేక్షకుల్లో కూర్చుని చూస్తాడు. యూనియన్ మిత్రులారా, వచ్చే ఏటి బడ్జెట్టులో ఆ కుర్రాడికీ, ఈ చుట్టుపక్కల ఒక పాత నాదస్వర విద్వాంసుడికీ కలిపి ఒక గంట రాయించండి. రెండు మంచి మైకులు, ఒక రికార్డరు కూడా.